పెట్టెలోని డబ్బు ఎవరిది? — లెక్కలు చదువని నిర్వాహకులకు గణకశాస్త్ర ప్రథమ పాఠం

భద్రాచల క్షేత్రాన్ని గురించి మన పెద్దలు చెప్పుకొనే కథలో ఒక రసీదు ఉన్నది. పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా ఉన్న కంచెర్ల గోపన్న తాను వసూలు చేసిన శిస్తును వెచ్చించి శ్రీరామునికి ఆలయం కట్టించాడనీ, ఆ సొమ్ము ఖజానాకు చేరనందున గోల్కొండ సుల్తాను ఆయనను చెరలో ఉంచాడనీ, తుదకు రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించి, సుల్తాను చేత రసీదు వ్రాయించుకొని, దానిని చెరసాలలోని గోపన్న చెంత ఉంచి వెళ్లారనీ జనశ్రుతి. ఆ సుల్తాను 1672 నుండి 1687 వరకు గోల్కొండను ఏలిన అబుల్ హసన్ కుతుబ్ షా. మనం తానీషా అంటాము. శ్రీరామనవమి నాడు ప్రభుత్వం పక్షాన ముత్యాల తలంబ్రాలు సమర్పించే ఆచారాన్ని ఆయన పేరుతోనే నేటికీ ముడిపెట్టి చెప్పుకొంటారు.

ఈ కథను భక్తుడు ఒక రీతిగా వింటాడు. చరిత్రకారుడు మరొక రీతిగా వింటాడు. గణకశాస్త్ర విద్యార్థికి మాత్రం అందులో మొదట కనిపించేది ఆ రసీదు. డబ్బు చెల్లించినవాడు దేవుడైనా, పుచ్చుకొన్నవాడు ప్రభువైనా, ఇచ్చినట్లు ఒక కాగితం ఉండవలెనని మన జనం భావించారు. రసీదు లేకుండా బాకీ తీరదు అన్న సూత్రం ఈ నేల మీద పామరులకు కూడా తెలిసినదే.

ఆ కథలోని మూలప్రశ్న కూడా గణకశాస్త్రానికి చెందినదే. తహసీల్దారు పెట్టెలో డబ్బు ఉన్నది. ఆ డబ్బు ఎవరిది? వసూలు చేసినవాడిదా, చెల్లించిన రైతుదా, ఖజానాదా? గోపన్న సంకల్పం పవిత్రమైనదే కావచ్చును. కాని పద్దు మనిషి మనస్సును అడుగదు. సొమ్ము ఎవరి పేర జమ అయినదో, ఎవరి అనుమతితో ఖర్చు అయినదో మాత్రమే అడుగుతుంది. వ్యాపార నిర్వహణలో ప్రవేశించే ప్రతివ్యక్తి ప్రతిదినం తనను తాను వేసుకొనవలసిన ప్రశ్న ఇదే. ఈ వ్యాసం ఆ ఒక్క ప్రశ్నకు సమాధానం వెదకడానికి చేసిన ప్రయత్నం.

ఎవరికోసం ఈ పాఠం?

గణకులు కాదలచినవారికి పాఠ్యగ్రంథాలు ఉన్నాయి. ఈ వ్యాసం గణకులు కానివారికి ఉద్దేశించినది. ఖమ్మంలో మిరపకాయల వ్యాపారం చేసే తండ్రికి తోడుగా నిలువబోయే విద్యార్థి, దుమ్ముగూడెం, చర్ల ప్రాంతాలలో అటవీ ఫలసాయం కొనే ఒక సహకార సంఘానికి కార్యదర్శి కాబోయే యువకుడు, పొదుపు సంఘానికి అధ్యక్షురాలైన గృహిణి, వీరందరూ నిర్వాహకులే. చిట్టా వ్రాయడానికి వారు గుమాస్తాను పెట్టుకొనవచ్చును. కాని వ్రాసినది చదివి అర్థం చేసుకొనే బాధ్యతను గుమాస్తాకు అప్పగించలేరు. చదువలేని నిర్వాహకుని సంతకం వేలిముద్ర కంటె మెరుగైనది కాదు.

ఈ అడవి సరిహద్దులో ఈ విషయానికి ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉన్నది. కోయలు, కొండరెడ్లు చలికాలం చివర చింతపండు, ఎండలు ముదిరే వేళ ఇప్పపువ్వు, ఆ వెంటనే తునికాకు, వేర్వేరు ఋతువులలో తపసి జిగురు, తేనె, కరక్కాయ, కుంకుడుకాయ, చిల్లగింజలు సేకరించి సంతకు తెస్తారు. తరతరాలుగా వారికి ఎదురుపడిన లెక్క ఒక్కటే, అది షావుకారు చిట్టా. అందులో ఏమి వ్రాసి ఉన్నదో వారికి తెలియదు. అప్పు ఎంత, వడ్డీ ఎంత, ఇచ్చిన సరుకుకు ఎంత జమ కట్టారు అన్నది షావుకారు చెప్పినదే లెక్క. ఆ లెక్క తీరక భూములు చేతులు మారాయి. అందుచేతనే షెడ్యూల్డు ప్రాంతాలలో భూబదలాయింపును నియంత్రించే శాసనం 1959లోను, గిరిజనులకు అప్పులిచ్చే వడ్డీ వ్యాపారులను నియంత్రించే శాసనం 1960లోను వచ్చాయి. భూబదలాయింపు శాసనానికి 1970లో వచ్చిన సవరణనే మనం వాడుకలో ‘1/70 చట్టం’ అంటున్నాము. అంతకుముందే, 1956లో, విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. అటవీ ఫలసాయం కొనడం, డిపోల ద్వారా నిత్యావసర వస్తువులు అమ్మడం దాని ముఖ్యమైన పనులు. రాష్ట్ర విభజన తరువాత రెండు రాష్ట్రాలలోను ఈ పని సాగుతున్నది. శాసనాలు ఎన్ని వచ్చినా, లెక్క చదువగలిగిన మనిషి ఆ ఊరిలో ఉన్నప్పుడే వాటికి ప్రాణం.

లెక్కల భాష మనకు కొత్తది కాదు

డెబిట్, క్రెడిట్ అన్న మాటలు వినగానే విద్యార్థులు బెదరుతారు. కాని లెక్కల భాష మన ఇండ్లలో ఎన్నడో స్థిరపడినది. జమ, బాకీ, నగదు, వసూలు అన్నవి అరబ్బీలో పుట్టి ఉర్దూ ద్వారా తెలుగు మాటలైనవి. ఖర్చు, రసీదు పారశీకం నుండి వచ్చినవి. మన తెలుగు వాణిజ్య గ్రంథాలలో ఖాతాల పుస్తకానికి వాడే ‘ఆవర్జా’ అన్న పదానికి కూడా పారశీకమే పుట్టినిల్లు. అప్పు, పద్దు మన సొంతమాటలు. ఉర్దూ చదివే విద్యార్థి, తెలుగు చదివే విద్యార్థి ఈ ఒక్క శాస్త్రంలో దాదాపు ఒకే నిఘంటువుతో పని చేయవచ్చును. కుతుబ్ షాహీ కచ్చేరీలో కూర్చున్నవారు, కరణం ఇంటి అరుగు మీద కూర్చున్నవారు ఒకరి లెక్క ఒకరికి అప్పగించుకొన్నందువలన కలిగిన మేలు ఇది.

మొదటి సూత్రం: సంస్థ వేరు, మనిషి వేరు

గణకశాస్త్రంలో దీనిని వ్యాపార అస్తిత్వ భావన అంటారు. దుకాణం యజమానిదే అయినా, లెక్కల దృష్టిలో దుకాణం ఒక వ్యక్తి, యజమాని మరొక వ్యక్తి. యజమాని పెట్టిన మూలధనం కూడా దుకాణం ఆయనకు ఉన్న బాకీయే. ఆయన గల్లాపెట్టె నుండి ఇంటి ఖర్చుకు వంద రూపాయలు తీసుకొంటే అది వ్యాపారపు ఖర్చు కాదు. ఆయన ‘సొంతవాడకాల’ ఖాతాలో వ్రాయవలసిన పద్దు. చొక్కా కుడిజేబులోని డబ్బు ఎడమజేబులోకి మారిందని ఆయన అనుకోవచ్చును. లెక్క మాత్రం డబ్బు ఒక ఇల్లు దాటి మరొక ఇంట ప్రవేశించినదని అంటుంది.

సహకార సంఘాలలో ఈ సూత్రం మరింత కఠినంగా పాటించవలెను. కార్యదర్శి బిడ్డకు జ్వరం వచ్చినదని సంఘం పెట్టె నుండి ఐదువందలు తీసుకొని, వారం తరువాత తిరిగి పెట్టినాడని అనుకొందాము. అతడు దొంగ కాడు. కాని ఆ వారం రోజులు పుస్తకంలో ఒక మాట, పెట్టెలో మరొక మాట ఉన్నాయి. అటువంటి వారం ఒక్కటి చాలు, సంఘం మీద ఊరికి ఉన్న నమ్మకం పోవడానికి.

పన్నుల విషయంలోను ఇదే సూత్రం. 2014లో భద్రాచలం చుట్టుపట్ల మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరినందున, పట్టణం దాటిన కొద్దిదూరానికే రాష్ట్రం మారుతుంది. 2017 జూలై 1 నుండి అమలులో ఉన్న వస్తుసేవల పన్నులో రాష్ట్రం లోపలి అమ్మకానికి ఒక పద్దు, రాష్ట్రాల మధ్య అమ్మకానికి మరొక పద్దు. పన్ను పడే సరుకు అమ్మినప్పుడు కొనుగోలుదారు చెల్లించిన మొత్తంలో ధర మనది, పన్ను మనది కాదు. అది మన పెట్టెలో కొన్నాళ్లు నివసిస్తుంది, అంతే. పన్ను వసూలు చేసే ప్రతి వర్తకుడు నేటికీ గోపన్న కూర్చున్న పీట మీదనే కూర్చున్నాడు.

రెండవ సూత్రం: ప్రతి వ్యవహారానికి రెండు ముఖాలు

దీనినే జంటపద్దు విధానం అంటారు. ఇటలీలోని వెనిస్ వర్తకులు ఆచరిస్తున్న ఈ పద్ధతిని లూకా పాచియోలీ అనే సన్యాసి 1494లో అచ్చయిన తన గణిత గ్రంథంలో వివరించాడు. ఆయన దీనిని కనిపెట్టలేదు. వాడుకలో ఉన్నదానిని పుస్తకానికి ఎక్కించాడు.

సూత్రాలు మూడు. పుచ్చుకొన్నవాని ఖాతాకు డెబిట్, ఇచ్చినవాని ఖాతాకు క్రెడిట్. వచ్చిన వస్తువుకు డెబిట్, పోయిన వస్తువుకు క్రెడిట్. ఖర్చులకు, నష్టాలకు డెబిట్, ఆదాయాలకు, లాభాలకు క్రెడిట్. మొదటిది వ్యక్తిగత ఖాతాలకు, రెండవది వాస్తవిక ఖాతాలకు, మూడవది నామమాత్రపు ఖాతాలకు వర్తిస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాము. సంతనాడు ఒక కోయ స్త్రీ 10 కిలోల చింతపండు డిపోకు తెచ్చినది. కిలో 40 రూపాయల చొప్పున వెల 400 రూపాయలు. ఆమె 310 రూపాయల ఉప్పు, నూనె, సబ్బులు తీసుకొని, మిగిలిన 90 రూపాయలు నగదుగా పుచ్చుకొన్నది. డిపో గుమాస్తా 90 రూపాయల ఖర్చు మాత్రమే వ్రాసి ఊరుకొంటే పెట్టెలోని నగదు సరిపోతుంది. కాని లెక్క తప్పు. చింతపండు కొనుగోలు 400 డెబిట్ కావలెను. నిత్యావసర వస్తువుల అమ్మకం 310 క్రెడిట్, నగదు 90 క్రెడిట్ కావలెను. అప్పుడే రెండు పక్షాలు సమానం. అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. తన చింతపండుకు కట్టిన వెల ఎంతో, తాను తీసుకొన్న ఉప్పుకు పడిన వెల ఎంతో అప్పుడే ఆమెకు వేర్వేరుగా తెలుస్తాయి. రెండింటినీ కలిపివేసి చివరి అంకె మాత్రం చెప్పడమే పాత షావుకారు పద్ధతి. జంటపద్దు ఆ తెరను తొలగిస్తుంది.

ఒక సంవత్సరపు లెక్క

ఇప్పుడు ఒక సంఘాన్ని ఊహించుకొందాము. అంకెలు బోధన కొరకు కల్పించినవి. నలభైమంది సభ్యులు తలకు 1,000 రూపాయల చొప్పున 40,000 రూపాయల మూలధనం సమకూర్చారు. బ్యాంకు నుండి నూటికి సంవత్సరానికి 12 రూపాయల వడ్డీ మీద 60,000 అప్పు తెచ్చారు. 20,000 పెట్టి కాటా మొదలైన పరికరాలు కొన్నారు. అవి ఐదేండ్లు పని చేస్తాయని అంచనా.

ఆ సంవత్సరం వారు గింజ తీయని చింతపండు 3,000 కిలోలు, కిలో 40 రూపాయల వంతున, 1,20,000 రూపాయలకు కొన్నారు. అందులో 80,000 వెంటనే చెల్లించారు. మిగిలిన 40,000 సేకరించినవారికి బాకీ ఉన్నారు. కూలి 10,000, రవాణా 8,000, గోనెసంచులు 2,000, గది అద్దె 6,000 నగదుగా ఖర్చయినది. 2,400 కిలోలు కిలో 65 రూపాయల వంతున 1,56,000 రూపాయలకు అమ్మారు. అందులో 1,20,000 చేతికి వచ్చినది. 36,000 ఖమ్మం వర్తకుని వద్ద బాకీ. 500 కిలోలు గోదాములో మిగిలినవి. 100 కిలోలు ఎండి తరిగిపోయినవి. బ్యాంకుకు వడ్డీ కాని, అసలు కాని ఇంకా చెల్లించలేదు.

నగదు చిట్టా ఇట్లు ఉంటుంది. వచ్చినది: మూలధనం 40,000, అప్పు 60,000, అమ్మకాలు 1,20,000, మొత్తం 2,20,000. పోయినది: పరికరాలు 20,000, కొనుగోళ్లు 80,000, ఇతర ఖర్చులు 26,000, మొత్తం 1,26,000. నిలువ 94,000 రూపాయలు.

మార్చి 31 సాయంకాలం సభ్యులు పెట్టె తెరిచారు. ‘మనం పెట్టినది నలభైవేలు. ఉన్నది తొంభైనాలుగు వేలు. లాభం యాభైనాలుగు వేలు. తలకు 1,350 రూపాయలు పంచుకొందాము’ అని ఒకరన్నారు. అందరూ సంతోషించారు. మంచి సంఘాలు చెడిపోయేది ఇటువంటి సాయంకాలాలలోనే.

లాభం వేరు, నగదు వేరు

లాభం తెలుసుకొనడానికి పెట్టె తెరిస్తే చాలదు. ఆ సంవత్సరపు అమ్మకాలకు ఆ సంవత్సరపు వ్యయాన్ని ఎదురు నిలుపవలెను. డబ్బు చేతికి వచ్చినదా, లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. దీనినే సంప్రాప్తి భావన అంటారు.

అమ్మకాలు 1,56,000. కొనుగోళ్లు 1,20,000 నుండి మిగిలిన సరుకు విలువ 20,000 తీసివేస్తే అమ్మిన సరుకు వ్యయం 1,00,000. తరుగు పోయిన నూరు కిలోల వెల కూడా ఇందులోనే ఇమిడి ఉన్నది. స్థూలలాభం 56,000. దీని నుండి కూలి, రవాణా, సంచులు, అద్దె 26,000, చెల్లించకపోయినా ఈ సంవత్సరానికి చెందిన వడ్డీ 7,200, పరికరాల తరుగుదల 4,000, మొత్తం 37,200 తీసివేయవలెను. నికరలాభం 18,800 రూపాయలు. యాభైనాలుగు వేలు కాదు.

తరుగుదలను గురించి ఒక మాట. ఈ సంవత్సరం ఎవరికీ నాలుగువేలు చెల్లించలేదు కదా, మరి ఖర్చు ఎట్లు అయినదని సందేహం రావచ్చును. కాటా ఐదేండ్లలో అరిగిపోతుంది. ఇరవైవేలలో ఐదవవంతు ఈ సంవత్సరం అరిగినది. ఆ అరుగుదలను లెక్కకు ఎక్కించనివాడు తన కాటాను కొద్దికొద్దిగా తిని, దానికి లాభమని పేరు పెట్టుకొంటున్నాడు. 1889లో ఇల్లెందులో మొదలైన బొగ్గు తవ్వకాల నుండి పెరిగిన సింగరేణి కంపెనీకైనా, సారపాకలో 1979లో ఉత్పత్తి ప్రారంభించిన కాగితపు కర్మాగారానికైనా ఇదే నియమం. అంకెలకు సున్నలు పెరుగుతాయి, సూత్రం మారదు.

ఆస్తి అప్పుల పట్టీ

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకు సమాధానం చెప్పే పత్రానికి వచ్చాము. లాభనష్టాల ఖాతా సంవత్సరం పొడవునా జరిగిన ప్రయాణం. ఆస్తి అప్పుల పట్టీ ఆ ప్రయాణం చివర ఒక రోజున నిలబడి చూచిన దృశ్యం.

ఆస్తులు: నగదు 94,000. వర్తకుని నుండి రావలసినది 36,000. సరుకు 20,000. తరుగుదల పోను పరికరాలు 16,000. మొత్తం 1,66,000.

అప్పులు, మూలధనం: సభ్యుల మూలధనం 40,000. బ్యాంకు అప్పు 60,000. సేకరించినవారికి బాకీ 40,000. చెల్లించవలసిన వడ్డీ 7,200. నికరలాభం 18,800. మొత్తం 1,66,000.

రెండు పక్షాలు సమానం. ఎడమపక్కన సొమ్ము ఏ రూపంలో ఉన్నదో తెలుస్తుంది. కుడిపక్కన అది ఎవరిదో తెలుస్తుంది. సభ్యులు ఆ సాయంకాలం 54,000 పంచుకొని ఉంటే పెట్టెలో 40,000 మిగిలేది. అడవిలో తిరిగి చింతపండు దులిపి తెచ్చినవారి బాకీకి అది సరిగా సరిపోయేది. బ్యాంకుకు ఇవ్వవలసిన 67,200కు ఒక్క రూపాయి కూడా మిగిలేది కాదు. బ్యాంకు వారికి నోటీసు పంపే అధికారం ఉన్నది, సేకరించినవారికి లేదు. కనుక చివరకు ఎవరి బాకీ ఆగిపోతుందో ఊహించడం కష్టం కాదు. తప్పుడు లెక్క భారం ఎప్పుడూ చదువురానివాని నెత్తి మీదనే పడుతుంది.

ఇంకొక సంగతి. వర్తకుడు 36,000 చెల్లించలేకపోతే 18,800 లాభం కాస్తా 17,200 నష్టంగా మారుతుంది. అందుకే రానిబాకీలకు ముందుగానే కొంత ఏర్పాటు చేయవలెనని గణకశాస్త్రం చెబుతుంది. అట్లే మిగిలిన సరుకును కొన్నధర, మార్కెట్టు ధర, ఈ రెండింటిలో ఏది తక్కువ అయితే ఆ ధరకే లెక్క కట్టవలెను. వానలకు నల్లబడి కిలో 30 రూపాయలకు దిగిన చింతపండును 40గా వ్రాసుకొంటే, లేని ఐదువేలు ఉన్నట్లు కనిపిస్తాయి. రాబోయే నష్టానికి సిద్ధపడడం, రాని లాభాన్ని లెక్కించకపోవడం, ఇదే మితవాద సంప్రదాయం.

కిలోకు మిగిలేది ఎంత?

నిర్వాహకునికి లెక్క సంవత్సరాంతంలోనే కాదు, బేరం ఆడే వేళ కూడా కావలెను. నలభైకి కొని అరవై ఐదుకు అమ్మితే కిలోకు ఇరవై ఐదు మిగిలినదని తోస్తుంది. కాని సరుకు వ్యయం 1,00,000, ఇతర ఖర్చులు 37,200, మొత్తం 1,37,200 రూపాయలను అమ్మిన 2,400 కిలోలతో భాగించి చూడండి. కిలోకు సుమారు 57 రూపాయల 17 పైసలు పడినది. మిగిలినది 7 రూపాయల 83 పైసలు మాత్రమే. ‘మొత్తం సరుకు తీసుకొంటాను, యాభై ఐదుకు ఇవ్వండి’ అని వర్తకుడు అడిగితే, ఈ అంకె తెలియని కార్యదర్శి కొన్నధర మీద పదిహేను లాభమని ఒప్పుకొంటాడు. తెలిసినవాడు కిలోకు రెండు రూపాయలకు పైగా నష్టమని గ్రహిస్తాడు.

కిలోల పుస్తకం

రూపాయల లెక్కతో పాటు తూకపు లెక్క కూడా కలవవలెను. కొన్నది 3,000, అమ్మినది 2,400, గోదాములో 500. తేడా 100. దీనిని ఎండు తరుగు అన్నాము. కాని అది నిజంగా తరుగేనా, లేక కాటాలో లోపమా, గోదాము తలుపు సందు నుండి పోయినదా? సరుకు చిట్టా వ్రాసేవానికే ఈ ప్రశ్న తోస్తుంది. తునికాకు లెక్కలోను అంతే. యాభై ఆకులు ఒక కట్ట, వేయి కట్టలు ఒక ప్రామాణిక సంచి, అనగా యాభైవేల ఆకులు. సంచికి పది కట్టలు తప్పు లెక్కించినా, ఐదువందల ఆకులు కోసినవారి కష్టం పుస్తకంలో లేకుండా పోతుంది. అడవి వ్యాపారంలో అన్యాయం తరచుగా ధరలో కాక తూకంలోను, ఎంచడంలోను దాగి ఉంటుంది.

నిర్వాహకుడు అడుగవలసిన ప్రశ్నలు

ఖాతాలన్నింటి నిలువలను డెబిట్, క్రెడిట్ పక్షాలుగా వరుస పెట్టి కూడితే వచ్చే పట్టికను అంకణా అంటారు. అంకణా సరిపోయినదని గుమాస్తా చెప్పగానే తృప్తి పడరాదు. అసలు వ్రాయకుండా వదలిన వ్యవహారం, ఒకరి ఖాతాకు బదులు మరొకరి ఖాతాలో వ్రాసిన పద్దు అంకణాలో బయటపడవు. కనుక నిర్వాహకుడు నెలకు ఒకసారి ఈ ప్రశ్నలు వేయవలెను.

ఒకటి: చిట్టాలోని నగదు, పెట్టెలోని నగదు ఒకటేనా? నా ఎదుట లెక్కించి చూపండి. రెండు: బ్యాంకు పుస్తకంలోని నిలువకు, మన పుస్తకంలోని నిలువకు తేడా ఉంటే కారణమేమి? మూడు: మనకు ఎవరు బాకీ, ఎన్ని నెలల నుండి? నాలుగు: మనం ఎవరికి బాకీ, వారిలో చదువురానివారు ఎవరు? ఐదు: ప్రతి ఖర్చుకు రసీదు ఉన్నదా? ఆరు: గోదాములోని కిలోలు పుస్తకంలోని కిలోలతో కలుస్తున్నాయా?

డబ్బు పుచ్చుకొనేవాడు, పద్దు వ్రాసేవాడు వేర్వేరు మనుషులుగా ఉండడం మంచిది. ఇది అనుమానం కాదు. నిజాయితీపరుని మీద నింద పడకుండా కాపాడే కంచె.

ముగింపు

విద్యార్థి మిత్రులారా! గణకశాస్త్రమంటే ధనవంతుల శాస్త్రమని మనలో చాలామందికి ఒక భావన ఉన్నది. ధనవంతునికి లెక్క తప్పితే కొంత ధనం పోతుంది. పేదవానికి లెక్క తప్పితే భూమి పోతుంది, పరువు పోతుంది, ఒక్కొక్కప్పుడు స్వేచ్ఛే పోతుంది. అందుచేత ఈ శాస్త్రం అవసరం వారికే ఎక్కువ.

మీలో కొందరు సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఊరి సంఘం పుస్తకం తెరచి చూడవచ్చును. అందులోని నాలుగవ ప్రశ్నకు సంబంధించిన పుటను, అనగా మనం ఎవరికి ఎంత బాకీయో వ్రాసిన పుటను, సంతనాడు నలుగురి మధ్య బిగ్గరగా చదివి వినిపించండి. తెలుగులో చదవండి, కోయ మాట వచ్చినవారు ఆ మాటలో చెప్పండి. తన పేరు, తన కిలోలు, తనకు రావలసిన రూపాయలు చెవులారా విన్న మనిషి, ఏదైనా తప్పుంటే అక్కడనే లేచి నిలిచి చెబుతాడు. అంతకంటె మంచి తనిఖీ అధికారి ఆ సంఘానికి దొరకడు.